దత్తావసరులు: ఉద్యోగవిరమణానంతర రచనావ్యాసంగము

(బుచ్చిరెడ్డిపాలెమున జరిగిన మన సంఘ వార్షిక మహాసభయందుఁ జేసిన యుపన్యాసము)



ఇట్టి సభలలో విద్యార్థి వేతనములను గూర్చియు, వివాహ వ్యయములను గూర్చియు, వసతిగృహ నిర్మాణమును గూర్చియు మాటలాడుట యాచారము. ఆ విషయములను నాకంటె సమర్థులైనవారు చెప్పియున్నారు. నేను ఉద్యోగవిరమణ చేసిన పెద్దలను గూర్చి చెప్పఁదలఁచితిని. వారు మన సభలలో ముందు వరుసను గూర్చుందురు, శాలువలు కప్పించుకొందురు, ఫలాహారమైన పిమ్మట నిండ్లకుఁ బోవుదురు. మఱునాఁడు వారేమి చేయుదురని యెవ్వరు నడుగరు. ఆ మఱునాఁడే నేఁటి నా యుపన్యాస విషయము.

మన రాష్ట్రమున ప్రభుత్వోద్యోగుల విరమణ వయస్సు 2014లో 58 నుండి 60కిని, 2022లో 60 నుండి 62కును బెంపఁబడినది. అంతవఱకుఁ బనిచేసినను, దేహము నిలిచి, కన్ను కనఁబడుచు, జ్ఞాపకము చెడక యింకను పది పదునైదేండ్లు మిగులుట నేఁడరుదు గాదు. ముప్పది యేండ్లు గంట మ్రోఁగినప్పుడు లేచి, గంట మ్రోఁగినప్పుడు కూర్చున్న యుపాధ్యాయునకు గంట లేని దినము మొదట పండుగవలెఁ దోఁచును. మూఁడు మాసములు గడచిన పిమ్మట శిక్షవలెఁ దోఁచును. ఉదయము వార్తాపత్రికను ప్రకటనలతోఁ గూడఁ జదువుదుము. సాయంకాలము కోదండరామస్వామి కోవెలకుఁ బోయి వత్తుము. నడుమనున్న పగలు మిక్కిలి పెద్దది. బిడ్డలు హైదరాబాదునను, బెంగళూరునను, అమెరికాయందును నుందురు. ఇంటిలో మాటలాడుటకు మనుష్యులు తక్కువ. చెప్పవలసిన మాటలు మాత్రము తక్కువ గావు. ఆ మాటలను గాగితముపైఁ బెట్టుఁడని చెప్పుటకే నేను నిలువఁబడితిని.

సుమారు పదునొకండు శతాబ్దములకు మునుపు రాజశేఖరుఁడు రచించిన కావ్యమీమాంసయందు, వ్రాయు కాలమునుబట్టి కవులు నాలుగు తెఱఁగులని చెప్పఁబడినది. లోపలి గదిలో సూర్యుని గూడఁ జూడక యెడతెగక వ్రాయువాఁడు అసూర్యంపశ్యుఁడు. అంత పట్టుదల లేక మనసు నిలిచినప్పుడు కూర్చుండి వ్రాయువాఁడు నిషణ్ణుఁడు. ఏదేని సందర్భము వచ్చినప్పుడు దానికొఱకు వ్రాయువాఁడు ప్రాయోజనికుఁడు. కొలువు మొదలగు పనులకు భంగము రాకుండ, మిగిలిన వేళలయందు వ్రాయువాఁడు దత్తావసరుఁడు.

మన యుపాధ్యాయులలోఁ బెక్కండ్రు ప్రాయోజనికులు. ప్రధానోపాధ్యాయునకు బదిలీ యైనచో సన్మానపత్రము, మిత్రుని కూఁతురి పెండ్లికిఁ బంచరత్నములు, ఉగాదికి నాలుగు సీసపద్యములు: ఇవి వ్రాయని తెలుఁగు పండితుఁ డుండఁడు. అవి మంచివే, కాని పందిరి విప్పునప్పటికి వానిపని తీఱిపోవును. వయస్సు మీఱిన పిమ్మట మనము కావలసినది దత్తావసరులము. ఇచ్చటనొక చిన్న విశేషము గలదు. అవసరమనఁగా సంస్కృతమున సమయము, తెలుఁగువాడుకలో నగత్యము. విరమణతో మొదటి యవసరము మనకు లభించినది. అనఁగా సమయము దొరకినది. రెండవ యవసరము, అనఁగా వ్రాసి తీఱవలసిన యగత్యము, దానంతటది రాదు, వెదకికొనవలెను. ఈ రెండర్థములును గలిసినచోటనే మంచి రచన పుట్టును. సమయముండి యగత్యము లేనివాఁడు వ్రాసినది కాలక్షేపము. అగత్యముండి సమయము లేనివాని మాట వానితోడనే పోవును.

కవిత్వము యౌవనమునకుఁ జెందినదనియు, అఱువదియేండ్లు దాఁటినవానికి భావన యెక్కడిదనియు నొక యాక్షేపము గలదు. దీనికి శాస్త్రమే సమాధానము చెప్పుచున్నది. కావ్యమునకు హేతువులు మూఁడని మమ్మటుఁ డనును: పుట్టుకతో వచ్చు శక్తి యొకటి, లోకమును, శాస్త్రములను, కావ్యములను బరిశీలించుటవలనఁ గలుగు నైపుణ్యము రెండవది, కావ్యజ్ఞుల శిక్షణలోఁ జేయు నభ్యాసము మూఁడవది. ఈ మూఁడింటిలో శక్తి వయస్సుతోఁ బెరుగకపోవచ్చును. లోకజ్ఞానము పెరుగును. ఇరువదియేండ్ల కవికి లేనిదియు, డెబ్బదియేండ్ల మనిషికి నుండక తప్పనిదియు నదియే. అభ్యాసమా, తీఱిక గలవానికిఁ గాక మఱెవ్వరికి సాధ్యము? పూర్వవాసనచేఁ గలిగిన ప్రతిభ లేకున్నను, చదువుచేతను యత్నముచేతను సేవించినవానిపై వాగ్దేవి కొంత యనుగ్రహము చూపకపోదని దండి ధైర్యము చెప్పియున్నాఁడు. ఇంతకన్న నభయము మనకు వలదు.

శాస్త్రము చాలదన్నచో లోకమును జూడుఁడు. ఇంగ్లండున విలియం డి మోర్గన్ అను నాయన 1839లో జన్మించి, జీవితమంతయుఁ జిత్రవర్ణముల పింగాణి పలకలు చేయు పనిలో గడపి, తన మొదటి నవలను 1906లోఁ బ్రకటించెను. అప్పటి కాయన వయస్సు అఱువదియాఱు దాఁటినది. పొరుగు కర్ణాటకమున మాస్తి వేంకటేశ అయ్యంగారు మైసూరు సంస్థానమున నున్నతోద్యోగము చేసి, ఏఁబదియేండ్లు దాఁటిన పిమ్మట దానిని విడిచిరి. ఆయన మొదటినుండియుఁ గథలు వ్రాయువారే. ఐనను చిక్కవీర రాజేంద్ర యను పెద్దనవల వెలువడినది 1956లో, ఆయనకు సుమారు అఱువదియైదవ యేఁట. 1983లో జ్ఞానపీఠ పురస్కారము లభించునప్పటికి తొంబది దాఁటినవారు.

దూరపు మాట లేల? మన బుచ్చిరెడ్డిపాలెమునే చూతము. బెజవాడ గోపాలరెడ్డిగారు 1907లో నిచ్చటనే జన్మించిరి. శాంతినికేతనమునఁ జదివిరి. 1937లో మద్రాసు రాష్ట్రమున రాజాజీ మంత్రివర్గమునఁ జేరునప్పటి కాయనకు ముప్పదియేండ్లు. 1955 మార్చి నుండి 1956 అక్టోబరు తుదివఱకు ఆంధ్రరాష్ట్ర ముఖ్యమంత్రి; పిదపఁ గేంద్రమున మంత్రి; 1967 నుండి 1972 వఱకు ఉత్తరప్రదేశ్ గవర్నరు. 1957లో నేర్పడిన ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీకిఁ దొలి యధ్యక్షులును వారే. ఇన్ని కొలువుల నడుమ రవీంద్రుని రచనలను దెలుఁగుచేయుట మానలేదు. అది రాజశేఖరుఁడు చెప్పిన దత్తావసరుని లక్షణము.

పదవులు వెనుకఁబడిన వార్ధకమున నాయన యనువాదముతోఁ దృప్తిపడక స్వయముగాఁ గవితలు వ్రాసిరి. ఆమె, ఆమె జాడలు, ఆమె నీడలు అని వాని పేళ్లు. గవర్నరుగా నుండి వచ్చినవాఁడు వ్రాసిన పుస్తకము లన్నచో మనము రాజకీయానుభవములు, పాలనారహస్యములు నుండునని యాశింతుము. ఆ పేళ్లలో నెచ్చటను ప్రభుత్వముద్ర లేదు. కచేరీలోను శాసనసభలోను జెప్పుటకుఁ జోటు దొరకని మాట యేది గలదో, దానికే యాయన వృద్ధాప్యమునఁ జోటిచ్చిరి. ఉద్యోగముననున్న మనిషి వేఱు, ఆ యుద్యోగపుఁ జొక్కాలోపల నూరకుండిన మనిషి వేఱు. విరమణానంతరము వ్రాయవలసినది ఆ రెండవవాఁడు. గోపాలరెడ్డిగారు 1997లో స్వర్గస్థులైరి. వారు పుట్టిన యూరిలోఁ గూర్చుండి, వృద్ధాప్యమునఁ గవిత్వ మేమిటని యడుగుట మనకుఁ దగదు.

ఉపాధ్యాయులకు మఱి యిద్దఱ యుదాహరణములు చెప్పెదను. వావిలికొలను సుబ్బారావుగారు 1863లో జమ్మలమడుగునఁ బుట్టిరి. రెవెన్యూ శాఖలోఁ గొంతకాలము పనిచేసి, 1904లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలోఁ దెలుఁగు పండితులై, 1920 వఱకు నుండిరి. వాల్మీకి రామాయణమును బద్యములుగాఁ దెలిఁగించి యాంధ్రవాల్మీకి యనిపించుకొనిరి. కొలువు విడిచిన పిమ్మట నొంటిమిట్ట కోదండరాముని సన్నిధిఁ జేరి, చేతఁ డెంకాయచిప్ప పట్టి యూరూరఁ దిరిగి ద్రవ్యము కూర్చి యాలయము నుద్ధరించిరి. రామాయణమునకు మందరమను మహావ్యాఖ్య సంతరించిరి. తాను పట్టిన టెంకాయచిప్పమీఁదనే యొక శతకము చెప్పిరి! భిక్షాపాత్రమును గావ్యవస్తువుగాఁ జేయఁగలిగినవాఁడు కళాశాలలోని పండితుఁడు గాఁడు. కొలువు విడిచిన పండితుఁడే.

రెండవవారు గిడుగు రామమూర్తిపంతులుగారు. 1863లోనే పుట్టినవారు. పర్లాకిమిడిలో ముప్పదియేండ్లు బోధించి 1911లో విరమించిరి. విశ్రాంతి యనుకొన్న కాలమున వాడుకభాషకై పెద్ద యుద్యమమును నడపుటయే గాక, కొండలలోని సవరల భాషకు 1931లో వ్యాకరణమును, 1938లో నిఘంటువును బ్రకటించిరి. నిఘంటువు వెలువడునప్పటికి డెబ్బదియైదేండ్లు. లిపి లేని జాతి మాటలను దాను వ్రాయనిచో మఱెవ్వరు వ్రాయుదురన్న తలంపే యాయనకుఁ గలిగిన యగత్యము. నేను నాకలవడిన గ్రాంథికములోనే మీతో మాటలాడుచున్నాను. ఈ వయస్సున నా నాలుక మాఱదు. ఐనను పంతులుగారి మాటలోని న్యాయమును గాదనను. మీ యవ్వ చెప్పిన కథ వ్రాయునప్పు డవ్వ మాటలనే వ్రాయుఁడు. పాత్రకుఁ దగిన భాష యుండవలెనని వాదించి, 1897 నాటి ప్రతాపరుద్రీయ నాటకమునఁ జాకలి పేరిగానిచేత వాని మాటలనే పలికించినవారు వేదము వేంకటరాయశాస్త్రిగారు. సంస్కృత పండితులలో నగ్రగణ్యులు. వారికి లేని మడి మనకేల?

ఇఁక నేమి వ్రాయవలెనను ప్రశ్న. దశావతారములమీఁద మఱియొక శతకము, ఋతువర్ణనమున మఱియొక ఖండకావ్యము వలదని నేననను. భక్తిచే వ్రాయువారిని భగవంతుఁడు వినును. కాని మీరొక్కరే వ్రాయఁగలిగినది మఱియొకటి యున్నది. మనకు నూటయేఁబదియేండ్లకు మునుపు 1873లో మద్రాసున వెన్నెలకంటి సుబ్బారావుగారి స్వీయచరిత్ర యచ్చైనది. ఆయన 1784లో, ఆ పిదపఁ బెక్కేండ్లు నెల్లూరు జిల్లాలోఁ జేరియుండిన ఒంగోలునఁ బుట్టి, 1815 నుండి 1829 వఱకు మద్రాసు సదరు కోర్టులో దుబాసిగా నుండినవారు. 1839లో మరణించిరి. ఆయన యింగ్లీషున వ్రాసియుంచిన కాగితములను గుమారుఁడు ముద్రింపించెను. కుంపిణీ కాలమున నొక తెలుఁగు బాలుఁడు భాషలెట్లు నేర్చెను, కొలువెట్లు సంపాదించెను, కచేరీలెట్లు నడచెను అను సంగతులు నేఁడు మనకుఁ దెలియుట యా కాగితములవలననే. ఆయన కాలమునఁ బద్యములల్లినవారు వందలకొలఁది యుందురు. తన దినములను దానే వ్రాసినవారెందఱు?

మన పల్లెలను జూడుఁడు. సంగము ఆనకట్ట నీరు కనిగిరి చెఱువునకు వచ్చుట, అచ్చటినుండి కాలువలఁబడి పొలములకుఁ బాఱుట మీరెఱుఁగుదురు. ఆ నీటివంతులకై జరిగిన తగవులు, రాత్రి లాంతరుతో గట్టుమీఁదఁ గాపున్న మనుష్యులు, మొలగొలుకుల వడ్లు దంచిన రోఁకళ్ల చప్పుడు, క్రొత్తబియ్యపుటన్నపు వాసన, ఇవి యే ప్రభుత్వపు దస్త్రములోను లేవు. 1957 ఏప్రిలులో నయాపైసలు వచ్చినప్పుడు సంతలో అణాలు బేడలు లెక్కించు ముసలమ్మలు పడిన తికమకను, సోలలు మానికలు కుంచములు పోయి కిలోలు లీటరులు వచ్చినప్పటి గలిబిలిని గన్నులారఁ జూచినవారు మన యూళ్లలో నింకను గొందఱున్నారు. 1989 నవంబరున కావలి యొద్దఁ దీరము దాఁటిన తుపాను రాత్రి నెవరెవరి యింటిలో నెవరెవరు తలదాఁచుకొనిరో చెప్పఁగలవారున్నారు. ఆ రాత్రి కొన్ని గడపలు మొదటిసారి కొందఱకుఁ దెఱవఁబడినవి. తెల్లవాఱిన పిమ్మట మరల మూయఁబడినవి. అదియే యొక కథ. దానికి వేఱు కల్పన యక్కఱలేదు. నిజము చెప్పు ధైర్యము కావలెను.

కథ యొకటి యేమి చేయఁగలదని సందేహించువారికి మన జిల్లాయే సాక్ష్యము. అక్షరాస్యతోద్యమము నడచిన దినములలో వయోజన స్త్రీలు చదువుకొన్న వాచకమున సీతమ్మ కథ యను చిన్నపాఠముండెను. త్రాగుడువలన సంసారము చెడిన స్త్రీ కథ యది. దూబగుంట రోశమ్మ మొదలగు స్త్రీలు 1992లో సారాపైఁ దిరుగఁబడుటకు, ఆ యుద్యమము జిల్లా దాఁటి రాష్ట్రమంతయు వ్యాపించుటకు, 1993 అక్టోబరు నుండి రాష్ట్రమున సారా నిషేధింపఁబడుటకు నా పాఠము ప్రేరకమైనది. ఆ కథలో నలంకారములు లేవు. విన్నవారికిఁ దమ యిల్లు కనఁబడినది. ఆ రాత్రిబడులలో దీపము పెట్టి పలకలు దిద్దించిన యుపాధ్యాయులలోఁ బెక్కండ్రు నేఁడు విశ్రాంతి పొందుచున్నారు. వారు చూచినదానిని వారు వ్రాయకున్నచో, ఆ స్త్రీలు మొదటిసారి తమ పేరు వ్రాసికొన్నప్పటి చేతి వణఁకు నెవ్వరు వర్ణింపఁగలరు?

ఈ సభయందుఁ జెప్పుటకుఁ గొంత సంకోచింపవలసిన మాట యొకటి యున్నది, ఐనను జెప్పెదను. మన సంఘమువంటి సంఘముల పుస్తకములలోఁ బూర్వుల ప్రశంస మెండు. దానధర్మములు, సత్రములు, పాఠశాలలు వర్ణింపఁబడును. అవి నిజములే, స్మరింపఁదగినవే. కాని మన యిండ్లలోఁ జిన్నతనముననే వైధవ్యము పొంది వంటయింటి చీఁకటిలో డెబ్బదియేండ్లు గడపిన మేనత్తలుండిరి. కట్నము చాలక మరలి వచ్చిన యాఁడుబిడ్డలుండిరి. మన పొలములు దున్ని మన వాకిటిలో నిలువఁబడి, దోసిలితో నీరు త్రాగినవారుండిరి. వారిని వ్రాయని కులచరిత్ర సగము చరిత్ర. పడుచువారు వ్రాసినచో నెదిరించుచున్నారనుకొందుము. బయటివారు వ్రాసినచో ద్వేషమనుకొందుము. కన్నులతోఁ జూచి, ఆ యన్నమే తిని, నేఁడెవ్వరివద్దను నేమియు నాశింపని వృద్ధుఁడు వ్రాసినచో నమ్మక తప్పదు. జీతము లేదు, బదిలీ లేదు, పదోన్నతి లేదు. ఈ స్వాతంత్ర్యము జీవితమున నిదివఱకెన్నఁడును లేదు. దీనిని బొగడ్తలకు వెచ్చించుట దుర్వ్యయము.

వ్రాయు విధానమును గూర్చి రెండు మాటలు. దత్తావసరునకుఁ దగిన వేళలలోఁ దెల్లవాఱుజాము నొకటిగా రాజశేఖరుఁడు చెప్పి, దానిని సారస్వత ముహూర్త మనెను. ముసలివారి కా వేళ నిద్ర యెట్లును రాదు. దానిని దైవప్రసాద మనుకొనుఁడు. కవిదినచర్యను జెప్పుచు నాతఁడు మఱియొక సూక్ష్మమును జూపెను. రసావేశమున వ్రాయువానికి మంచిచెడ్డలు విడఁదీసి చూచు దృష్టి యుండదు. కాఁబట్టి ప్రొద్దున వ్రాసినదానిని సాయంకాలమునఁ దిరిగి పరీక్షింపవలెను. ఉపాధ్యాయులకిది ముఖ్యము. మన చేతికి నెఱ్ఱసిరా యలవాటు. మొదటి వాక్యము ముగియకముందే దానిని గొట్టివేయుదుము. మూఁడవనాఁటికిఁ గలము మూసి పెట్టుదుము. ప్రొద్దుననే పరీక్షకుని గదిలోనికి రానీయకుఁడు. దినమున కొక పుట చాలును. సంవత్సరమునకు మున్నూటయఱువది పుటలగును. మొదట నొక వస్తువునుగూర్చి వ్రాయుఁడు: తండ్రిగారి చేతికఱ్ఱ, అటకమీఁది యిత్తడి గంగాళము, మొదటి జీతమునఁ గొన్న గడియారము. వస్తువు వెంట మనిషి వచ్చును. మనిషి వెంటఁ గథ వచ్చును. చేయి వణఁకువారు చింతింపవలదు. నేఁటి ఫోనులు మాటను విని తెలుఁగక్షరములుగా మార్చుచున్నవి. తప్పులు మనుమఁడు దిద్దును, దిద్దుచు వినును. ఆ వినుటకై యైనను మనము వ్రాయవలెను.

స్త్రీల మాట ప్రత్యేకముగాఁ జెప్పవలసియున్నది. వంటయింటికి విరమణ వయస్సు లేదు. మగవాఁడు 62వ యేఁటఁ గచేరీనుండి యింటికి వచ్చును. ఆమెకు మధ్యాహ్నపుఁ గాఫీ యొకటి పెరుగును. మన జిల్లాకుఁ గీర్తి తెచ్చిన పొణకా కనకమ్మగారు 1892లోఁ బుట్టి, నెల్లూరున 1923లో కస్తూరిదేవి విద్యాలయమును స్థాపించి, స్వాతంత్ర్యసమరమునఁ జెఱసాల కేఁగి, కవిత్వము చెప్పి, జీవితమును దాను వ్రాసి 1963లోఁ గన్నుమూసిరి. ఆ స్వీయచరిత్ర కనకపుష్యరాగము పేర నచ్చైనది 2011లో! ఆమె పోయిన నలువదియెనిమిదేండ్లకు. అంత ప్రసిద్ధురాలి వ్రాఁతయే యంతకాలము వేచియుండఁగా, పేరులేని మన తల్లుల నోటుపుస్తకముల గతి యేమి? ఇల్లు మార్చునప్పుడు పాత కాగితములవాని తక్కెడలోఁ బడినవి యెన్నియో!

ఈ యాపదను సయితము రాజశేఖరుఁ డెఱుఁగును. ఒకరియొద్ద దాఁచనిచ్చుట, అమ్ముట, దానమిచ్చుట, దేశము విడుచుట, అల్పాయువు, నిప్పు, నీరు మొదలగువానిచేఁ గృతులు నశించునని యెన్ని చెప్పి, పూర్తియైన గ్రంథమునకుఁ బెక్కు ప్రతులు చేయింపవలెనని విధించెను. దేశము విడుచుట యనఁగా నేఁడు మన బిడ్డలు విదేశముల స్థిరపడుట; పిత్రార్జితపుటిల్లు విక్రయించునప్పుడు పెట్టెలోని కాగితములు చూచు తీఱిక వారికిఁ జిక్కదు. నీరనఁగా మనకుఁ దుపాను. పదునొకండు శతాబ్దముల క్రిందటి జాబితా మన యింటికి వ్రాసినట్లే యున్నది.

కావున మన సంఘమునకు నాలుగు విన్నపములు చేసికొనుచున్నాను. మొదటిది: పెద్దలు వ్రాసిన కాగితముల నన్నింటిని, మంచివా చెడ్డవా యని విచారింపక, ఛాయాచిత్రములు తీయించి రెండు మూఁడు చోట్ల భద్రపఱుపవలెను. విమర్శ పిదపఁ జేయవచ్చును. పోయినదానిని విమర్శించుటకు వీలులేదు. రెండవది: మన విద్యార్థివేతనములు పొందు బాలబాలికలలో నొక్కొక్కరు సెలవులలో నొక్కొక్క వృద్ధునియొద్దఁ గూర్చుండి, వారు చెప్పినది వ్రాసి తేవలెను. వేతనమున కిది ప్రతిఫలము గాదు, విద్యలో భాగము. మూఁడవది: ఏటేఁట నీ మహాసభలో శాలువలు కప్పు గంటలో నర్ధగంట తగ్గించి, ఇద్దఱు ముగ్గురు పెద్దలచేఁ దమ వ్రాఁతలు చదివింపవలెను. వారిలో నొక్కరైనను స్త్రీ కావలెను. నాలుగవది: ముద్రణకై దాతలు ముందునకు వచ్చినచో సంతోషమే, కాని కృతి వ్రాసినవాఁడు దాతను స్తుతింప నక్కఱలేదని దాతలే ముందుగాఁ బ్రకటింపవలెను. మన మహాదాతలు స్తుతికి లోఁబడినవారు కారని నాకు నమ్మకము.

ఇంత చేసినను వ్రాసినవారందఱు మహాకవులగుదురా? కారు. పదుగురు వ్రాసినచో నొకఁడు నిలుచును. తక్కిన తొమ్మండుగురి వ్రాఁత వారి యిండ్లలో నిలుచును. ఇంటిలో నిలుచుట తక్కువ గౌరవము గాదు. తాత యెట్టివాఁడో తాత మాటలలోనే తెలిసికొన్న మనుమనికిఁ దన పుట్టుక కొక యూరు, ఒక భాష, ఒక గడప దొరకును. ఏ దేశముననున్నను వాఁడనాథుఁడు గాఁడు. వ్రాసినవాని మాట యందురా? జ్ఞాపకములు బరువుగాఁ గూర్చున్న యెడఁదలో నొక పుట వ్రాసిన దినమున నొకింత గాలి యాడును. నిన్నటి వాక్యమును నేఁడు బాగుచేయవలెనను నాశతో లేచువానికి దినము పెద్దది కాదు. మరణభయమునకు మందు నాకుఁ దెలియదు గాని, పగటిపొడవునకు మందిది యని చెప్పఁగలను.

సోదరీ సోదరులారా! తిక్కన సోమయాజి మన పెన్నయొడ్డున నెల్లూరిలో మనుమసిద్ధి కొలువున మంత్రిగా నుండియే భారతమునఁ బదునైదు పర్వములు పూరించెను. ఆ నీరే మన కాలువలలోఁ బాఱుచున్నది. ఆయనవలె మనము వ్రాయలేము. వ్రాయవలసిన పనియు లేదు. ఆయనకుఁ దెలియని మన మేనత్తలను, మన కాలువగట్లను, మన రాత్రిబడులను మనము వ్రాయుదము. మనకు సమయము దొరకినది; అగత్యమును నేను జూపఁగలిగినంత చూపితిని. కలము మీ యింటిలోనే యుండును.



స్వస్తి.